మినియేచర్ యుద్ధాలు: మీకు బాగా నచ్చేదేంటి, ఒళ్లు మండేదేంటి? (విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తప్పక రాయండి)

మూడులాంతర్లు_28
చిన్న చిన్న సైనికుల బొమ్మల్ని టేబుల్ మీద పరిచి, డైస్ వేసి యుద్ధం ఆడే మన హాబీ గురించే ఈ మాట. నిన్న మా డాబా మీద గదిలో గేమ్ పెట్టుకున్నాం. వచ్చినతను నా ఫ్రెంచి సిపాయిని బాయినెట్ పట్టుకుని పైకి లేపాడు. కింద గుండ్రంగా బేస్ ఉంది కదా, పట్టుకోడానికే కదా అది ఉన్నది. తుపాకీ చివర ఉన్న ఆ సన్నటి ముక్క పట్టుకుని ఎత్తి "ఎంత బాగుందండీ" అంటాడు. తెల్ల లోహం బొమ్మ కాబట్టి వంగింది, మళ్లీ తిన్నగా చేశాను, కానీ ఈ లోహాన్ని అలా వంచి తీసి వంచి తీసి చేస్తే ఏదో ఒకరోజు పుటుక్కుమంటుంది.

అడక్కుండా ముట్టుకోవడం ఒకటి, ముట్టుకున్నాక బేస్ వదిలేసి తలో చెయ్యో పట్టుకోవడం ఇంకొకటి, రెండూ నాకు పడవు. ఇంకోటి, రంగు వెయ్యని సైన్యం. బూడిద రంగు ప్లాస్టిక్ అలాగే తెచ్చి పెట్టీసి "మొదలెడదామా" అంటే నాకు సగం ఉత్సాహం పోతుంది.

నచ్చేది మాత్రం ఒక్కటే. రెండు పక్కలా రంగులేసిన సైన్యాలు పరిచేసి, ఇంకా డైస్ ముట్టుకోకముందు, మోకాళ్ల మీద కూర్చుని టేబుల్ ఎత్తుకి కళ్లు పెట్టి చూస్తాను. అక్కడి నుంచి చూస్తే అది నిజంగా మైదానమే. ఆ నిమిషం కోసమే ఇదంతా చేస్తాను. మీ సంగతి చెప్పండి.

రాజాం_రెసిన్
"బేస్ పట్టుకోండి" అని టేబుల్‌కి నాలుగు పక్కలా అంటించాలి. మా దగ్గరొకడు డ్రాగన్‌ని రెక్క పట్టుకుని ఎత్తాడు. రెక్క చేతిలో ఉంది, డ్రాగన్ గచ్చు మీద ఉంది.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్
బొమ్మ పట్టుకునే మాటకి ఓకే. రంగు వెయ్యని సైన్యం మాటకి మాత్రం ఒప్పుకోను అన్నా. నాది ఫార్మాలో షిఫ్ట్ డ్యూటీ, ఎ, బి, సి అని తిరుగుతూ ఉంటాయి, సి షిఫ్ట్ వారం అయితే పొద్దున్న వచ్చి పడుకుని లేచేసరికి వెలుతురు పోతుంది. ట్యూబ్‌లైట్ కింద వేసిన రంగు పగలు చూస్తే ఇంకోలా ఉంటుంది. ఒక్క బొమ్మకి ప్రైమరు, బేస్ కోటు, వాషు, హైలైటు, మళ్లీ బేస్ మీద ఇసక, మళ్లీ వార్నిషు, ఇవన్నీ మొత్తం సైన్యానికి అయ్యాకే ఆడనిస్తాం అంటే నేను ఎప్పుడు ఆడాలి? నాకు నచ్చేది ఆట. అవతలివాడు గుర్రాల్ని ఏ వైపు నుంచి తిప్పుతాడో ముందే పసిగట్టి, వాడు వచ్చేసరికి అక్కడ నా తుపాకులు ఉంటే వాడి మొహం చూడాలి. బూడిద సైన్యంతో వచ్చినవాణ్ని తక్కువగా చూడ్డం, నాకు ఒళ్లు మండేది అదే.

నాగావళి_ఇసక
నైట్‌షిఫ్ట్ చెప్పిందే నాదీను.

మూడులాంతర్లు_28
తక్కువగా చూడ్డం లేదు తమ్ముడూ. ఏది ఏ దళమో తెలియాలి కదా. మొన్నొకాయన బూడిద గుంపులో చెయ్యి పెట్టి "వీళ్లు గార్డులు, వీళ్లు మామూలోళ్లు" అన్నాడు. రెండో రౌండుకి మామూలోళ్లందరూ గార్డులైపోయారు.

వేగావతి_ఒడ్డు
కోటు రంగు మాట వచ్చింది కాబట్టి చందుర్తి యుద్ధం చెప్పుకోవాలి ఇక్కడ. గొల్లప్రోలు దగ్గరి చందుర్తి, 1758 డిసెంబరు. మన విజయనగరం ఆనంద గజపతి రాజు కబురంపితే బెంగాల్ నుంచి క్లైవ్ దళాన్ని పంపాడు, దాని నాయకుడు ఫోర్డ్. అవతల ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్. ఇంగ్లీషోళ్ల దగ్గరున్న సిపాయిలక్కూడా ఎర్ర కోట్లే. తెల్లోళ్ల పటాలమేమో ఎత్తుగా పెరిగిన చేను వెనక పడిపోయి అవతలివాళ్లకి కనబడలేదు. ఫ్రెంచోళ్లు ఎర్రకోట్లు చూసి ఇదే అసలు ఇంగ్లీషు పటాలం అనుకుని సిపాయిల మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, గెలిచేశామని వీళ్లు వరస చెదరగొట్టుకుని తరుముకుంటూ పోతుంటే చేను పక్క నుంచి అసలు పటాలం బయటపడి కాల్చింది. అక్కడితో అయిపోయింది, మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పోయింది ఫ్రెంచోళ్లకి.

ఆ యుద్ధంలో కిటుకంతా కోటు రంగులోనే ఉంది. దాన్ని బూడిద బొమ్మలతో ఎలా ఆడతారో చెప్పండి.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్
ఇది తెలీదు నాకు, భలే ఉంది. కానీ వేగావతి గారూ, చందుర్తికి కోటు రంగు కావాలి, నా సైన్యం అంతరిక్షం పురుగుల బొమ్మలు, వాటికి ఏ రంగైతే ఏటి?

సాలూరు_లారీ
తమ్ముడూ రంగెయ్యడం అంటే బొమ్మకో పూట పోనక్కర్లేదు. నేను సాలూరులో లారీ బాడీలకి రంగులేసే షెడ్ల మధ్య పెరిగాను, అక్కడ ఎవడూ ఒక్కో బోల్టుకి హైలైట్ పెట్టడు, అయినా రోడ్డు మీదికి ఎక్కితే నిలబడి చూస్తారు. నీ పురుగులకి లేత రంగు ప్రైమర్ కొట్టు, మొత్తానికి ఒక కాంట్రాస్ట్ రంగు వెయ్యి, అది పల్లాల్లోకి దిగి ముదురుగా, ఎత్తుల మీద పల్చగా దానంతటదే నిలబడుతుంది. ఆరాక గోళ్లకి, పళ్లకి ఇంకో రంగు. బేస్ అంచు మాత్రం నల్లగా నీటుగా వెయ్యి, అంచు నీటుగా ఉంటే మొత్తం బొమ్మ నీటుగా కనిపిస్తుంది. ఈ కాంట్రాస్ట్ రంగులు 2019లో వచ్చాయి, అప్పట్నుంచి బూడిద సైన్యానికి టైం లేదన్న మాట నా దగ్గర చెల్లదు.

పాత_సీసం
కాంట్రాస్ట్ రంగులు వచ్చాక అందరి సైన్యాలూ ఒకేలా ఉంటున్నాయి. కుంచె పట్టడం నేర్చుకోవాలి బాబూ.

సాలూరు_లారీ
అందరి సైన్యాలూ ఒకేలా ఉన్నా పర్లేదు గురువుగారూ, రంగంటూ ఉంటే చాలు.

కళింగపట్నం_గాలి
నాకు ఒళ్లు మండేది వాతావరణం. మనుషుల జోలికి పోను. సముద్రం పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది ఇది. స్ప్రే డబ్బా మీద ఏం రాసుంటుంది, తేమ లేని చోట కొట్టండి అని. మా ఊళ్లో తేమ లేని చోటు ఎక్కడుంది, జూన్ నుంచి నవంబరు దాకా గోడలే చెమర్చుతాయి. ప్రైమర్ బొమ్మ మీద పడేలోపే గాల్లో ఆరిపోయి, బొమ్మ మొహం మీద ఉప్మా రవ్వ చల్లినట్టు గరుగ్గా కూర్చుంటుంది. మాట్ వార్నిష్ అయితే ఇంకా ఘోరం, ఆరాక తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది, వారాల పని అంతా దాని కింద ఉండిపోతుంది.

నేను చేసేది చెప్తాను. వానాకాలం స్ప్రే జోలికి పోను, కుంచెతో వేసే ప్రైమరే, నీళ్లు కలపకుండా, పల్చగా రెండు సార్లు. ఎండ కాసే రోజుల్లో అయితే మంచు విడిచాక, గాలి లేవకముందు, డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెట్టి, బాగా కదిపి, జానెడు దూరంలోంచి చిన్న చిన్నగా. పొగ పట్టిన వార్నిష్ మీద కుంచెతో మెరిసే రకం (గ్లాసీ) వార్నిష్ పూస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది, ఆరాక మళ్లీ మాట్ వేసుకోవచ్చు.

నాగావళి_ఇసక
కళింగపట్నం చెప్పింది ఫోన్లో దాచుకుంటున్నాను. ఇంకోటి కలుపుతాను. బేస్‌ల మీద బీచ్ ఇసక నేరుగా వాడకండి. ఉప్పు ఉంటుంది, తేమ పీల్చి కొన్నాళ్లకి రంగుని పొక్కిస్తుంది. ఏటి ఇసక తెచ్చుకుని, జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి వాడండి. చెప్పుల కింద పట్టుకునే పరిమాణం ఉన్న గులకరాయి ఒక్కటి 28 మిల్లీమీటర్ల బొమ్మ పక్కన పెడితే బండరాయి అయిపోతుంది, అది నాకు ప్రతిసారీ సరదాయే.

రాజాం_రెసిన్
ఇంకోటి: థర్మోకోల్ కొండ మీద నేరుగా స్ప్రే కొట్టకండి, స్ప్రేలో ఉన్న ద్రావకం దాన్ని తినేస్తుంది. ముందు ఫెవికాల్‌లో రంగు కలిపి మందంగా పట్టించాలి, ఎక్కడా తెలుపు కనబడకూడదు, అప్పుడు స్ప్రే.

పలాస_పాచిక
డైస్ గురించి ఎవరూ మాట్లాడరేటి. బొమ్మ చెక్కిన డైస్ నాకు విషం. ఒక సెట్టులో ఆరు చుక్కల చోట గుర్తు ఉంటుంది, ఇంకో సెట్టులో ఒకటి చోట ఉంటుంది. అవతలివాడు పది డైస్ దొర్లించి "నాలుగు తగిలాయి" అంటాడు, అవి ఆర్లో ఒకట్లో వాడికి తప్ప దేవుడిక్కూడా తెలీదు. చుక్కలున్న మామూలు డైస్ వాడండి, ఊదారంగు మీద నల్ల చుక్కలు కూడా వద్దు, కనబడవు.

తర్వాత ఒరిగిన డైస్. పుస్తకానికో కొండకో ఆనుకుని ఒరిగి ఆగితే మళ్లీ వెయ్యాలి. ఆరు పడినప్పుడు "తిన్నగానే ఉంది", ఒకటి పడినప్పుడు "ఒరిగింది". ఆట మొదట్లోనే తేల్చుకోవాలి ఇది.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్
పాచికా, నీతో నూటికి నూరుపాళ్లు. ఇంకా, ఫలితం అవతలివాడు చూడకముందే డైస్ ఏరేసేవాళ్లు.

గంటస్తంభం_పిన్ని
నాది వేరే బాధ. నేను మా ఆయనతో కలిసి వెళ్తాను, సైన్యం నాది, రంగులు నావి, నిబంధనల పుస్తకం నా సంచిలో ఉంటుంది. అవతలాయన మాత్రం ప్రతి నిబంధనా మా ఆయనకి వివరిస్తాడు. ఆయనకి ఈ ఆట రాదు, తోడుకి వస్తాడు పాపం, తల ఊపుతూ ఉంటాడు. నాతో ఆడుతున్నవాళ్లు నాతో మాట్లాడండి, నేను అడిగేది ఇదొక్కటే.

నచ్చేది చెప్తాను. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. మా అత్తగారు కింద మెట్టు మీద పెళ్లి తంతు, అంగడి, పల్లె పెట్టి, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఒక వరస సర్దారు. నేను నా బల్లేల వరస అడిగాను, ఎక్కడన్నా పెట్టనా అని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ బేస్ పట్టుకుని, అవునండి బేసే, ఎవరూ చెప్పకుండానే, వెలుతురు వైపు తిప్పి చూసి "కంటి పాప కూడా పెట్టావేమ్మా" అన్నారు. పల్లెకి కాపలాగా పెట్టించారు. పేరంటానికి వచ్చినవాళ్లందరికీ "మా కోడలు వేసింది" అని చూపించారు. పోటీల్లో బహుమతి వస్తే కూడా నాకు అంత ఉండదు.

మూడులాంతర్లు_28
పిన్నీ, మీ అత్తగారిని మా క్లబ్బుకి పంపండి, బొమ్మ ఎలా పట్టుకోవాలో క్లాసు చెప్తారు.

సాలూరు_లారీ
పిన్ని గారి మొదటి పేరా ఇంకోసారి చదవండి అందరూ. మన దగ్గరా జరుగుతోంది ఇది.

నాగావళి_ఇసక
నా కడుపు మంట కొత్త ఎడిషన్లు. వార్‌హామర్ 40,000 అనే అంతరిక్ష యుద్ధాల ఆట చూడండి, 2017లో ఎనిమిదోది, 2020లో తొమ్మిదోది, 2023లో పదోది. నిబంధనలు నోటికొచ్చేసరికి పుస్తకం మారిపోతుంది, నిన్న బలమైన దళం ఇవాళ అటక మీద. బొమ్మలు మాత్రం అవే. ఇక్కడ మనకి బొమ్మ ధర ఒకటి, దాని మీద షిప్పింగ్ ఒకటి, కస్టమ్స్ ఒకటి, పార్సిల్ వచ్చేదాకా ఎంతవుద్దో తెలీదు.

పాత_సీసం
అందుకే డీబీఏ (ప్రాచీన కాలం యుద్ధాలకి చిన్న నిబంధనల ఆట) ఆడండి అంటాను. 1990 నుంచి ఉంది, సైన్యానికి 12 బేస్‌లు, 15 మిల్లీమీటర్ల బొమ్మలైతే రెండడుగుల చదరం చాలు, గంటలో తేలిపోద్ది. రెండు సైన్యాలూ మీరే రంగేసి పెట్టుకోవచ్చు, అప్పుడు ఎవడి బూడిద సైన్యం కోసమూ ఏడవక్కర్లేదు. సైన్యం మొత్తం స్వీట్ల డబ్బాలో పట్టీసి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లచ్చు.

రాజాం_రెసిన్
లేదా ప్రింట్ చేసుకోండి. నా రెసిన్ ప్రింటర్ (ద్రవ రెసిన్‌తో బొమ్మలు చేసే త్రీడీ ప్రింటర్) వచ్చాక నేను పార్సిల్ కోసం ఎదురుచూడ్డం మానేశాను.

పాత_సీసం
ఇదిగో, నాకు పడనిది వచ్చింది. రెసిన్ బొమ్మ పెళుసు, కింద పడితే కత్తి పోతుంది, కాలు పోతుంది. చేతిలో బరువుండదు. నాకు లోహం బొమ్మ అరచేతిలో పెట్టుకుంటే ఆ చల్లదనం, ఆ బరువు కావాలి. పైగా ఆ వాసన ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తున్నారు?

రాజాం_రెసిన్
ఇంట్లో కాదు గురువుగారూ, మేడ మీద కిటికీలున్న గదిలో. గ్లవ్స్ లేకుండా ముట్టను, మాస్క్ ఉంటుంది, ఆల్కహాల్‌లో కడిగి, యూవీలో గట్టిపరిచాకే చేత్తో పట్టుకుంటాను, కడిగిన ఆల్కహాల్ కాలవలో పొయ్యను, ఎండలో పెట్టి అందులో రెసిన్ గట్టిపడ్డాక తీసి పారేస్తాను. పచ్చి రెసిన్ ఒంటికి పడదు, ఒకసారి ఎలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు, ఇది మాత్రం కొత్తవాళ్లు బాగా గుర్తుపెట్టుకోండి. మీ పాత బొమ్మల్లో సీసం ఉంది, దాన్ని ఆకురాయితో గీకి ఆ పొడి ఉన్న చేత్తో జంతికలు తింటారు మీరు, నేను చూశాను.

పాత_సీసం
చేతులు కడుక్కున్నాకే తిన్నాను.

గంటస్తంభం_పిన్ని
కడుక్కున్నారు, నేను సాక్ష్యం. చిన్నపిల్లలున్న ఇళ్లల్లో మాత్రం పాత సీసం బొమ్మలు అందకుండా పెట్టండి.

పెదచెరువు_గట్టు
కొత్తగా చేరాను. బొబ్బిలి యుద్ధం ఎవరైనా చేశారా? బొమ్మలు ఎక్కడా దొరకడం లేదు. ఫ్రెంచోళ్లు దొరుకుతున్నారు, అమెరికాకో కెనడాకో చేసిన సెట్లు ఉన్నాయి, సిపాయిలు కూడా వెతికితే ఉన్నారు. మన జమీందారీ బంట్లు, కత్తీ డాలూ, తలపాగా, పంచె ఎగ్గట్టినవాళ్లు లేరు.

వేగావతి_ఒడ్డు
మంచి మాట ఎత్తావు, నా అసలు ఫిర్యాదు ఇదే. ఈ హాబీలో యూరప్‌లో ఏ చిన్న రెజిమెంటు గుండీల రంగుకైనా పుస్తకం దొరుకుతుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట గోడ మీద నిలబడ్డవాడికి ఒక్క బొమ్మ లేదు. నేను మొఘలు, మరాఠా సెట్లలో కాలాళ్లని తీసుకుంటాను, పైజమాలు గీకి, ఎపాక్సీ పుట్టీతో పంచె గోచీ పెడతాను. పుట్టీని తడి వేలితో పల్చగా నొక్కి, గుండుసూది పక్కతో మడతలు గీస్తే పంచె వచ్చేస్తుంది. తలపాగాకి సన్నటి దారంలా చుట్టి తీసి, చుట్టు మీద చుట్టు వెయ్యాలి. పూటకి రెండు మూడు తలపాగాల కంటే అవ్వవు. మొత్తం హాబీలో నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇది.

పెదచెరువు_గట్టు
ఫోటోలు పెట్టండి వేగావతి గారూ. కోట సంగతి ఏటి?

తేలినీలాపురం_కొంగ
మధ్యలో వస్తున్నాను. బొబ్బిలి ఆడాలా అని నాకు అనుమానం. చందుర్తి వేరు, రెండు సైన్యాలు మైదానంలో కొట్టుకున్నాయి. బొబ్బిలిలో కోట పడిపోతుందని తెలిశాక లోపలున్న ఆడవాళ్లని, పిల్లల్ని సొంతవాళ్లే చంపుకున్నారు. మా అమ్మమ్మది బొబ్బిలి పక్క ఊరు, ఆ కథ చెప్తూ ఏడ్చేది. దాన్ని డైస్ వేసి ఆడటం నాకు మనసొప్పదు.

వేగావతి_ఒడ్డు
కొంగ గారూ, మీ మాట కాదనను. నాదీ ఆ పక్కే. నేను పెట్టుకున్న హద్దు ఏటంటే, నా టేబుల్ మీద గోడ బయట వైపే ఉంటుంది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు మనుషులు, బురుజుల మీద మనవాళ్లు. ఆట బురుజు దగ్గరే ఆగిపోద్ది, లోపలి బొమ్మలు నేను చెయ్యలేదు, చెయ్యను. రంగారాయుడి మనుషులు ఎన్ని దాడుల్ని ఎంతసేపు ఆపారన్నదే పాయింట్లు. గెలుపు అనే మాట ఆ కాగితంలో రాయలేదు.

తేలినీలాపురం_కొంగ
అలాగైతే చూడ్డానికి వస్తాను. ఆడతానో లేదో వచ్చాక చెప్తాను.

సాలూరు_లారీ
తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి చొరబడ్డది మాత్రం వేరే ఆటగా పెట్టచ్చు. చిన్న స్కిర్మిష్, పది బొమ్మలుంటే చాలు, కాపలావాళ్లు ఎప్పుడు తిరుగుతారో కార్డులు తీసి తేల్చుకోవాలి.

మూడులాంతర్లు_28
విజయనగరంలో కూర్చుని అది ఆడితే రాజుగారి పక్క ఎవరు ఆడాలో చీటీలెయ్యండి, నేను మాత్రం మా ఊరి రాజుని చంపించను.

వేగావతి_ఒడ్డు
చీటీల్లో నా పేరు వెయ్యకు, నేను పాపారాయుడే.

పలాస_పాచిక
ఈ గొడవ 1757 నుంచీ తేల్లేదు, ఇక్కడా తేలదు. ముందు చందుర్తి ఆడదాం. అందులో అందరం కాకినాడ వైపు వాళ్ల పొలంలో కొట్టుకుంటాం.

మూడులాంతర్లు_28
ఖాయం చేద్దాం. వచ్చే నెల రెండో ఆదివారం, మా డాబా. టేబుల్ ఆరడుగులు బై నాలుగడుగులు. ఫ్రెంచి పటాలం నాది ఉంది. ఎర్రకోటు సిపాయిలు ఎవరి దగ్గరున్నాయి?

పాత_సీసం
నా దగ్గర రెండు దళాలు. లోహం. బేస్ పట్టుకునేవాళ్లకే ఇస్తాను.

గంటస్తంభం_పిన్ని
ఇంగ్లీషు తెల్ల పటాలం నేను తెస్తాను. ఎర్రకోట్లే, పాత సీసం గారి సిపాయిల ఎరుపుకి కలుస్తుందో లేదో ముందు ఒక బొమ్మ పక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే మోసం ముందే బయటపడిపోతుంది.

నాగావళి_ఇసక
చేను నేను చేస్తాను. కొబ్బరి పీచు కత్తిరించి, గుత్తులుగా కట్టి, వేడి గ్లూతో అట్ట మీద నిలబెట్టి, పైన పసుప్పచ్చ డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో పైపైన రుద్దడం). బొమ్మ కనబడకుండా ఎంత ఎత్తుండాలి?

గంటస్తంభం_పిన్ని
బేస్‌తో కలిపి 35 మిల్లీమీటర్లు. మీ పీచు 45 పెట్టండి, టోపీ కూడా కనబడకూడదు.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్
ఆ వారం నాకు ఎ షిఫ్ట్, రెండింటికి దిగుతాను. కాన్‌ఫ్లాన్స్ నాకివ్వండి, చేను వెనక ఎవరున్నారో తెలిసి కూడా గెలవగలనా చూడాలనుంది. ఒక ఫ్రెంచి తుపాకీ దళం బూడిదది నా దగ్గరే ఉంది, సాలూరు అన్నా, తెల్ల కోటుకి ఏ కాంట్రాస్ట్ వాడమంటావు?

సాలూరు_లారీ
తెల్లకి కాంట్రాస్ట్ వద్దు, మరకలు పడినట్టు వస్తుంది. లేత బూడిద ప్రైమర్, దాని మీద తెల్లది డ్రై బ్రష్, మడతల్లోకి మాత్రం పల్చటి గోధుమ రంగు వాష్. శనివారం సాయంత్రం కాంప్లెక్స్ దగ్గర దిగు, రంగులు నేను పట్టుకొస్తాను.